వరిగల నురగ

మా మేనల్లుడు గ్లాసుని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. లేత గడ్డి రంగు, లోపల పలచటి మబ్బు, పైన వేలెడు మందాన తెల్లటి నురగ. "మామయ్యా, ఇందులో గోధుమ గింజ ఒక్కటి కూడా లేదంటే నమ్ముతావా?" అన్నాడు. నమ్మకపోవడానికేముంది, గోడకున్న పలక మీద రాసే ఉంది. కానీ వాడు అడిగింది నన్ను కాదు. ఆరేళ్ళుగా ఏ సీసా చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవడం, తర్వాత ఫోనులో వెతకడం, చివరికి ఎందుకొచ్చిన గొడవలెమ్మని పక్కన పెట్టేయడం వాడికి అలవాటైపోయింది. ఆ అలవాటుతో మాట్లాడుకుంటున్నాడు.

సియాటిల్‌లో పెద్ద స్టేడియాలకి దక్షిణాన సోడో అనే పేట ఉంది. అన్నీ గోదాములు, లారీలు, రైలు పట్టాలు. ఘోస్ట్‌ఫిష్ అనే చిన్న బీరు కార్ఖానా 2015లో అక్కడ మొదలైంది. గోధుమ, బార్లీ, రై, ఈ మూడూ గడప దాటి లోపలికి రాకూడదన్నది దాని నియమం. కొన్నేళ్ళ కిందట నేను అమెరికా వెళ్ళినప్పుడు, బెల్వ్యూలో ఉండే మేనల్లుడు తిరుగుదాం పద అని కారెక్కించాడు. అందరూ జలపాతాలూ మంచుకొండలూ చూపిస్తారు. వీడు నాకు బీరు కార్ఖానాలు చూపించాడు.

వాడిది సీలియాక్ జబ్బు. గోధుమలోనూ దాని చుట్టాల్లోనూ ఉండే గ్లూటెన్ రవ్వంత కడుపులో పడినా, ఒంటి కాపలాదళం తన పేగుల మీదే తిరగబడుతుంది. మందు లేదు, మానేయడమే మందు. వరన్నం తినే ఇంట్లో పుట్టాడు కదా, ఏమంత కష్టం అనుకున్నాం మేమంతా. ఇడ్లీ ఉంది, దోసె ఉంది, పెసరట్టు ఉంది. ఇంగువ సంగతి తర్వాత తెలిసింది. బజార్లో దొరికే ఇంగువలో చాలా రకాలు గోధుమపిండి కలిపినవే. అంటే పులిహోర, పప్పుచారు, ఆవకాయ కూడా అనుమానితుల జాబితాలోకి వచ్చేశాయి. మా అక్క వరిపిండి కలిపిన ఇంగువ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఆ ముడి విప్పింది. బీరు ముడి మాత్రం ఆవిడ చేతిలో లేదు. బీరంటేనే బార్లీ.

ఈ ప్రయాణంలోనే, మూడు రోజుల ముందు, ఒక హోటలు బారులో "గ్లూటెన్ సంగతి మేం చూసుకున్నాం" అంటూ సీసా తెచ్చిచ్చారు. వాడు సగం తాగాక చదివాడు. అది గ్లూటెన్ లేని బీరు కాదు, గ్లూటెన్ తగ్గించిన బీరు. మర్నాడంతా గదిలోంచి కదల్లేదు. బీరువల్లో, తిండివల్లో తేల్చి చెప్పలేను గానీ, ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న దూరం మాత్రం ఆ రోజు నాకు బాగా తెలిసింది.

గ్లూటెన్ తగ్గించడమంటే, బార్లీతోనే మామూలుగా బీరు కాచి, గ్లూటెన్‌ని ముక్కలుగా నరికే ఎంజైమ్ ఒకటి అందులో వేస్తారు. పోర్ట్‌లాండ్‌లో విడ్మర్ బ్రదర్స్ వాళ్ళు 2012లో తెచ్చిన ఒమిషన్ అలాంటిదే. స్పెయిన్‌లో దామ్ కంపెనీ వారి దౌరా కూడా బార్లీ బీరే. ఐరోపాలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకపోతే ఇలాంటి దానికీ గ్లూటెన్ ఫ్రీ అన్న పేరు దక్కుతుంది. అమెరికా లెక్క వేరు. పులిసిన సరుకులో మాంసకృత్తులు తునాతునకలై ఉంటాయి, పరీక్షలు వాటిని సరిగ్గా కొలవలేవు, కాబట్టి పులియకముందు వేసిన దినుసుల్లో గ్లూటెన్ లేదని చూపించాలన్నది 2020లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఖాయం చేసిన నియమం. ఆస్ట్రేలియాలో అయితే పరీక్షకి అసలు చిక్కనే కూడదు. ఒకే మాట మూడు చోట్ల మూడు అర్థాలిస్తుంది. పాస్‌పోర్టు మీద ముద్ర పడిన ప్రతిసారీ మా వాడు ఈ మాటని మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి.

ఇక ఆ గ్లాసు దగ్గరికి వస్తాను.

అక్కడ నాలుగైదు రకాలు చిట్టిగ్లాసుల్లో పోసి చెక్కపలక మీద వరసగా పెట్టి ఇస్తారు. దాన్ని ఫ్లైట్ అంటారు. విమానం దిగి వారం కాలేదు, మళ్ళీ ఫ్లైట్ ఏమిట్రా అని తికమకపడ్డాను. వాటిలో మొదటిది ష్రౌడెడ్ సమ్మిట్, బెల్జియం పద్ధతి తెల్ల బీరు. ఈ రకాన్ని ఎంచుకోవడంలోనే వాళ్ళ పొగరు కనిపించింది. ఎందుకంటే తెల్ల బీరు ప్రాణమంతా గోధుమే. బెల్జియంలో హూగార్డెన్ ఊళ్ళో ఈ రకం చచ్చిపోయాక 1966లో పియెర్ సెలిస్ అనే ఆయన తిరిగి బతికించాడు. అందులో సగానికి దగ్గరగా మొలకెత్తించని పచ్చి గోధుమ పడుతుంది. ఆ మబ్బు గోధుమది, ఆ మెత్తదనం గోధుమది, ఆ నురగ గోధుమది. దానికి తోడు ధనియాలు, నారింజ తొక్క. గోధుమ తీసేస్తే మిగిలేది ధనియాల కషాయం.

మరి వీళ్ళు దేనితో నిలబెట్టారు? వరిగలతో.

అమెరికా వాళ్ళు మిల్లెట్ మాల్ట్ అనేది ఎక్కువగా వరిగల మాల్టే. కొలరాడో, నెబ్రాస్కా, దక్షిణ డకోటా మెట్టపొలాల్లో పండుతాయి. ఆ దేశంలో వాటికి పెద్ద గిరాకీ ఎక్కడంటే పక్షుల మేత దుకాణంలో. మన దగ్గరా వరిగలకి పెళ్ళిపందిట్లో చోటు దొరికిన రోజులు లేవు, వాన మొహం చాటేసిన ఏడు ఆదుకునే గింజ అది. అలాంటి గింజని పిచ్చుకల పళ్ళెంలోంచి తీసి బీరు గ్లాసులోకి ఎక్కించడానికి ప్రత్యేకంగా కార్ఖానాలు పుట్టాయి. కొలరాడోలో వెల్లింగ్టన్ అనే ఊళ్ళో ఉన్న గ్రౌస్ మాల్ట్ హౌస్ గ్లూటెన్ లేని గింజల్ని మాత్రమే మాల్ట్ చేస్తుంది. మామూలు కార్ఖానాల్లో బార్లీతో కలిసి తిరిగిన వరిగలు వీళ్ళకి పనికిరావు మరి.

మాల్ట్ చేయడమంటే ఏమిటో మన ఇళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మా అమ్మ, అంటే వీడి అమ్మమ్మ, రాగుల్ని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబోసి, దోరగా వేయించి, అరచేతుల మధ్య నలిపి మొలకల తోకలు చెరిగేసి పిండి విసిరేది. ఆ పిండితో జావ కాస్తే గరిటెకి అంటుకోకుండా జారిపోతుంది. మామూలు రాగిపిండి అదే కొలతలో వేస్తే సంకటైపోతుంది. చంటిపిల్లలకి అరగడానికని చేసేది అమ్మ. కారణం ఎన్నడూ చెప్పలేదు. కారణం ఏమిటంటే, మొలకెత్తే గింజ తన పిండిని తానే కోసుకుని చక్కెర చేసుకోవడానికి ఎంజైమ్‌లనే కత్తుల్ని తయారుచేసుకుంటుంది. జావ కాగేటప్పుడు ఆ కత్తులే పిండిని ముక్కలు చేస్తాయి. జావలో అది అరుగుదల. బీరులో ఆ చక్కెరే ఈస్టుకి తిండి, ఆ తిన్నదే ఆల్కహాలు, గ్యాసు అవుతుంది.

ఇక్కడిదాకా బార్లీ అయినా వరిగలైనా ఒకటే కథ. అసలు పనితనం ఇక్కడినుంచే.

బార్లీ బీరు కాచేవాడి పని ఒక రకంగా పెట్టి పుట్టినవాడి పని. బార్లీలో పిండి 60, 65 డిగ్రీల వేడికే ఉబ్బి మెత్తబడుతుంది. దాన్ని కోసే కత్తుల్లో ముఖ్యమైనది సరిగ్గా ఆ వేడికే చురుగ్గా ఉంటుంది. తాళం, తాళంచెవి ఒకే గుత్తిలో దొరికినట్టు. వరిగల పిండి అంత తేలిగ్గా లొంగదు, 70 డిగ్రీలకి అటూ ఇటూ పోతే గానీ మెత్తబడదు. ఆ వేడికి చేరేసరికి కత్తి కాస్తా చచ్చిపోతుంది. అసలే వరిగల్లో ఆ కత్తులు బార్లీలో ఉన్నన్ని ఉండవు. తలుపు తెరుచుకునే వేళకి లోపలికి వెళ్ళాల్సినవాడు బతికి లేడు. ఈ చిక్కు విప్పడానికి చిన్న కార్ఖానాల వాళ్ళు పడే పాట్లు చదివినకొద్దీ నాకు ముచ్చటేసింది.

ఒక పద్ధతి ఇది. ముందు గోరువెచ్చటి నీళ్ళలో పిండి కలిపి కాసేపు ఉంచుతారు. కత్తులన్నీ నీళ్ళలోకి దిగుతాయి. పైన తేరుకున్న ఆ నీళ్ళని వంచి విడిగా దాచిపెడతారు. అడుగున మిగిలిన ముద్దని ఉడికిస్తారు, గంజిలాగా, పిండి పూర్తిగా లొంగేదాకా. చల్లారాక దాచిన నీళ్ళు తెచ్చి మళ్ళీ కలుపుతారు. కత్తులకి వేడి తగలదు, పిండి పచ్చిగా ఉండదు. వార్చడం, కలపడం, ఎంతసేపు ఏ వేడి అని కాచుకుని కూర్చోవడం: వంటింట్లో పుట్టిన తెలివి ఇది. ఇంకో పద్ధతిలో వేడిని తలకిందులు చేస్తారు. బాగా ఎక్కువ వేడిని కూడా తట్టుకునే ఎంజైమ్‌ని బయటినుంచి తెచ్చి వేసి ముందు బాగా కాగబెట్టి, తర్వాత చల్లార్చుకుంటూ వచ్చి మిగతావి వేస్తారు. కొందరు నిష్ఠాపరులు బయటి ఎంజైమ్ కలపడాన్ని చులకనగా చూస్తారు. నాకా పట్టింపు లేదు. తోడు లేకుండా పెరుగు ఏ ఇంట్లో అయ్యింది?

గింజ చిన్నదవడం ఇంకో తంటా. బార్లీకి సరిపోయే మర పళ్ళ సందులోంచి వరిగలు నలగకుండానే జారిపోతాయి. సందుని అర మిల్లీమీటరు పైచిలుకుకి బిగించాలి. అలా నలిపితే మెత్తటి పిండి ఎక్కువై, వడకట్టేటప్పుడు తొట్టి అడుగు బంకమట్టిలా గడ్డకడుతుంది. బార్లీకయితే తన పొట్టే వడపోత గుడ్డలా పనికొస్తుంది. ఇక్కడ అది చాలదు. అందుకని వడ్ల ఊక తెచ్చి కలుపుతారు. రుచి లేదు, చక్కెర లేదు, ఊరికే గింజల మధ్య సందులు చేసి నీళ్ళకి దారి ఇస్తుంది. ఊకదంపుడు అని మనం ఈసడించే ఊక లేకపోతే అక్కడ ఒక్క చుక్క కిందికి దిగదు.

ఈస్టుది మరో సంగతి. సూక్ష్మజీవికి గ్లూటెన్ ఏమిటనుకున్నాను. ద్రవరూపంలో అమ్మే ఈస్టుల్ని చాలాచోట్ల బార్లీ రసంలో పెంచుతారు. బెల్లపు మడ్డిలో పెంచి ఎండబెట్టిన ఈస్టుకి ఆ ఇబ్బంది లేదు. అంటే తినబోయేదే కాదు, తినబోయేది ఏం తిని పెరిగిందో కూడా కనుక్కోవాలి. మడి కట్టుకునే మా మేనత్త ఈ కార్ఖానా చూసి ఉంటే మెచ్చుకునేది. బీరు సంగతి దాచి చూపించాలనుకోండి.

గ్లాసులో మబ్బు, చిక్కదనం కొంత బక్‌వీట్ వల్ల కూడా వస్తాయి. ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలకి వాడే కుట్టు ఇదే. పేరులో వీట్ ఉందని భయపడక్కర్లేదు, గోధుమకి చుట్టం కాదు సరికదా, అసలు గడ్డిజాతే కాదు. ఈ గింజలతో కాచే వాళ్ళు నురగ నిలవడానికీ, నోట్లో నీళ్ళలా జారిపోకుండా ఉండడానికీ దాన్ని నమ్ముకుంటారు.

చివరికి వాడు తాగాడు. నేనూ తాగాను. మొదట ధనియాల పరిమళం, తర్వాత నిమ్మతొక్క లాంటి పులుపు, అడుగున ఎక్కడో వేయించిన గింజల కమ్మదనం. గోధుమ తియ్యదనం లేదు. దాని బదులు కాస్త పొడిబారిన ముగింపు. గోధుమని అనుకరించకుండా వరిగలకి చేతనైన మెత్తదనాన్ని వరిగలతో చేయించారు. నాకు నచ్చింది అదే.

చెక్కపలక మీద మిగతా చిట్టిగ్లాసుల సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్రేప్‌ఫ్రూట్ ఐపీఏ బాగుంది, కానీ ఐపీఏ అనే ఈ రకంలో హాప్స్ పువ్వుల చేదు, పంపరపనస వాసన ముందు గింజ గొంతు వినపడదు. కింద ఏ గింజ ఉందో కళ్ళు మూసుకుని చెప్పమంటే నేను చెప్పలేను. అది కాచినవాడికి కాస్త వెసులుబాటు. వాచ్‌స్టాండర్ స్టౌట్‌లో మాడుగింజల కాఫీ రుచి, చాక్లెట్ రంగు. మాడ్చిన రుచికి ఏ గింజయినా ఒదుగుతుంది, కాబట్టి అది కూడా సులువైన పరీక్షే, అయినా నేను రెండోసారి పోయించుకున్నది అదే. మెచ్చుకోవడం వేరు, దాహం వేరు.

ఇరవై ఏళ్ళ కిందట ఈ బీర్లు ఇలా లేవు. మిల్వాకీలో లేక్‌ఫ్రంట్ వాళ్ళ న్యూ గ్రిస్ట్‌కి 2006లో అనుమతి దొరికింది, అదే ఏడాది చివర్లో ఆన్‌హైజర్ బుష్ రెడ్‌బ్రిడ్జ్ తెచ్చింది. ఆ తరం బీర్లు ఎక్కువగా జొన్నల మీద ఆధారపడ్డాయి. చిన్నవాళ్ళు చాలామంది డబ్బాల్లో దొరికే జొన్నపాకంతో కాచేవారు. పని తేలిక, కానీ నాలుక మీద ఇనప గరిటె నాకినట్టు ఒక పులుపు మిగిలేది. అందులో జొన్నల తప్పు లేదు. జొన్న మాల్ట్‌తో ఆఫ్రికాలో ఎన్నో తరాలుగా కాస్తున్నారు. నైజీరియా 1988లో బార్లీ దిగుమతిని ఆపేస్తే అక్కడి పెద్ద కంపెనీలు జొన్నతో లాగర్ కాయడం నేర్చుకోక తప్పలేదు. గింజని గింజగా పట్టించుకున్నచోట రుచి వచ్చింది, పాకంగా కొన్నచోట రాలేదు. 2012లో వరల్డ్ బీర్ కప్ పోటీలో గ్లూటెన్ లేని విభాగంలో మూడు పతకాలూ మాంట్రియల్‌కి చెందిన గ్లూటెన్‌బర్గ్ ఒక్కటే పట్టుకుపోవడం చూస్తే, అప్పటికి ఎవరు శ్రద్ధగా కాస్తున్నారో, ఎంత కొద్దిమంది కాస్తున్నారో రెండూ తెలుస్తాయి.

మర్నాడు దక్షిణానికి మూడు గంటల దూరంలో పోర్ట్‌లాండ్. అక్కడ 2011లో హార్వెస్టర్ అన్న పేరుతో పుట్టి, 2014లో గ్రౌండ్ బ్రేకర్‌గా పేరు మార్చుకున్న కార్ఖానా దారి పూర్తిగా వేరు. వీళ్ళు గింజ మాల్ట్ కాకుండా నల్లగా వేయించిన చెస్ట్‌నట్లు వేశారు. ఇంకా పప్పు వేశారు. నిజంగానే పప్పు, మసూర్ జాతిది, వేయించి. డబ్బా మీద దినుసుల పట్టీ చదివి నేను రెండోసారి కళ్ళజోడు సర్దుకున్నాను. "అమ్మమ్మకి చెప్పకు మామయ్యా, తాలింపు వేశారా అని అడుగుతుంది" అన్నాడు వాడు. పప్పు ఉడికేటప్పుడు గిన్నె మీదికి పొంగే నురగ గుర్తుచేసుకుంటే ఇందులో వింతేమీ లేదు. ఆ మాంసకృత్తే ఇక్కడ బీరు నురగకి, చిక్కదనానికి ఆసరా. వాళ్ళ డార్క్ ఏల్‌లో చెస్ట్‌నట్ చేదు మెల్లగా వస్తుంది, కాల్చిన మొక్కజొన్నకంకి చివర నల్లబడ్డ గింజల్లాగా. బీరుకి బార్లీ ఉండాలన్న బవేరియా శాసనం 1516 నాటిది. ఈ గ్లాసుని దాని ముందు పెడితే ఆ దొరలు ఏమనేవారో గానీ, తాగడం మాత్రం ఆపేవారు కాదని నా నమ్మకం.

లోపాలు లేవని కాదు. చాలాచోట్ల నురగ బుస్సున లేచి చుట్టం చూపుగా వెళ్ళిపోతుంది. కొందరు గింజ మీద నమ్మకం చాలక పళ్ళరసాలు గుమ్మరిస్తారు. ఆ రెండు రోజుల్లో నేను రుచి చూసిన ఒక మామిడి బీరుని బీరు అనడానికి నాకు మనసొప్పలేదు. ధర కూడా ఎక్కువే. గింజ ఖరీదు, వేరు కార్ఖానా, వేరు గొట్టాలు, ప్రతి తొట్టికీ రెట్టింపు శ్రమ, ఇవన్నీ బిల్లులో కనపడతాయి. గ్లూటెన్ లేని మత్తు కావాలంటే తాటిచెట్టు మన ఊళ్ళో ఊరికే ఇస్తోంది కదా అని నేనంటే, "సియాటిల్‌లో తాటిచెట్టు నాటించు" అన్నాడు మా వాడు.

తిరిగొచ్చేటప్పుడు తెల్ల బీరు డబ్బాలు నాలుగు కొన్నాడు. బెల్వ్యూ చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. మా అక్క వరిపిండి ఇంగువ వేసి పులిహోర కలిపి ఉంచింది. వాడు డబ్బా మూత తీశాడు, వెనక్కి తిప్పి చదవలేదు. గ్లాసు వాలుగా పట్టుకుని పోశాడు. నురగ వేలెడు లేచింది. ఎంతసేపు ఉంటుందో అని నేను గుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. నాలుగో గుక్క దాకా నిలిచింది. ఐదో గుక్కకి అంచున తెల్లటి గీత మాత్రం మిగిలింది, మజ్జిగ తాగిన గ్లాసుకి మిగిలినట్టు.